పిడి లేని ఉలి

లోహకూట నగరం కంటికి కనబడక ముందే చెవికి వినబడుతుంది. నల్లకొండల నడుమ, ఎర్రమట్టి కోటగోడల లోపల, వీధి వీధికీ కొలుములు, కొలిమి కొలిమికీ ఏనుగు చెవులంతేసి తోలుతిత్తులు. ఆ మంటల కాంతికి పట్టపగలు కూడా ఆకాశం రాగి పళ్ళెంలా ఎర్రబారి ఉంటుంది. అక్కడి కొంగలు తెల్లగానే పుట్టి, నెల తిరిగేసరికి మసిబారిపోతాయి. అక్కడి పసిబిడ్డలకు జోలపాట అక్కర్లేదు. సుత్తిచప్పుడు ఆగితేనే ఉలిక్కిపడి ఏడుస్తారు.

ఆ నగరపు సంతవీధిలోకి, పొద్దు బారెడెక్కిన వేళ, ఒక పాలేరు వచ్చాడు. మోకాళ్ళపైకి బిగించిన పంచె, భుజాన గొంగడి, నెత్తిన పేడమరకల తలగుడ్డ, చేతిలో ముల్లుకర్ర. ఎడ్లను ఊరవతల కట్టేసి మోతుబరి పనిమీద వచ్చాడనుకుని జనం దారి ఇచ్చారు.

వాడు పాలేరు కాడు. దారువాటిక గ్రామపు వడ్రంగి సింగోజు. ఆ సంగతి బయటపడితే వాడి కుడిచేతి బొటనవేలు అక్కడికక్కడే తెగి దుమ్ములో పడుతుంది. మాంత్రికుడు కాలకంబళి ఆజ్ఞ అది. రాజును విషజ్వాలతో చంపి సింహాసనమెక్కిన ఆ నల్లగొంగళి మనిషికి సైన్యాలంటే భయం లేదు, మంత్రాలంటే అసలే లేదు. వడ్రంగులంటేనే భయం.

దానికి కారణం సింగోజు అక్క నాంచారమ్మ. అంతఃపురంలో దాదిగా ఉన్న ఆ ఇల్లాలు రాజు చనిపోయిన రోజున ఏడాది నిండని రాకుమారుణ్ణి చీరకొంగున చుట్టుకుని మాయమైంది. పట్టుబడేనాటికి ఆమె చేతుల్లో బిడ్డ లేడు. ఎక్కడ దాచావని ఎన్ని విధాల అడిగినా ఆమె పెదవి విప్పలేదు. అప్పుడు కాలకంబళి ఆమెను నల్లకొండల అవతలి లోయలో ఉన్న ఉక్కుమాను తొర్రలో నిలబెట్టి, మంత్రం చదివి తొర్ర మూసేశాడు. ఆ తొర్ర రోజురోజుకూ లోపలికి ముడుచుకుంటుంది. అమావాస్యనాడు పొద్దుగూకేసరికి దానిలో గాలికి కూడా చోటుండదు.

ఇవాళే అమావాస్య.

ఉక్కుమానును తొలచవచ్చు. అదే మాంత్రికుడి బెంగ. గొడ్డలి దానిమీద జారిపోతుంది, రంపం పళ్ళు రాలిపోతాయి. ఉలి ఒక్కటే దిగుతుంది. కానీ దెబ్బ మీద దెబ్బ పడుతూ ఉండాలి. పదును పెట్టుకోవడానికో, చెమట తుడుచుకోవడానికో ఆగితే కొయ్య నెమరువేసినట్టు కదిలి, తవ్విన గాడిని తానే పూడ్చేసుకుంటుంది.

నిన్న సింగోజు ఒక దేశదిమ్మరి వర్తకుడి దగ్గర అద్దంలా మెరిసే ఉలి కొన్నాడు. ఒక్క వెండి కాసు తప్ప మొలలో ఉన్నదంతా వాడి చేతిలో పోశాడు. దానిమీద నెమళ్ళు చెక్కి ఉన్నాయి, మెడకు వెండి తీగ చుట్టి ఉంది. పైన పటారం, లోన లొటారం. మూరెడు లోతు తవ్వి, లోపలి తొర్రకు సన్నటి రంధ్రం పడి, "అక్కా" అని పిలిచి, "సింగా, నువ్వేనా" అన్న మాట విన్నాడో లేదో, ఠంగుమని మొన విరిగి ఆ రంధ్రంలోంచి లోపల పడిపోయింది. చేతిలో మొండెం మిగిలింది. వాడి కళ్ళముందే కొయ్య పూడుకుపోయింది. అక్క గొంతు సగం మాటలో ఆగిపోయింది.

ఆ సగం మాట వాడిని రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

ఇప్పుడు మొలలో ఒకే ఒక్క వెండి కాసు ఉంది. దానితో పొద్దుగూకేదాకా విరగని, వంగని, మొద్దుబారని ఉలి కొనాలి. మంచి ఉలి ఎక్కడుందో అందరికీ తెలుసు. సంతవీధి మొదట్లోనే రాజముద్ర వేసిన అంగడిలో, పట్టుగుడ్డ మీద, నీలిమొన ఉలులు వరసగా పడుకుని ఉన్నాయి. ఒక్కొక్కటీ జోడెడ్ల ఖరీదు. అది కొన్నవాడి వెంట ఇద్దరు భటులు ఇంటిదాకా వెళ్ళి, దేనికి వాడుతున్నాడో కళ్ళారా చూసి రావాలి. సింగోజు ఆ అంగడి ముందు తల వంచుకుని దాటిపోయాడు.

ఎదుటి పందిరి నీడలో ఒక మనిషి తాంబూలం నములుతూ కూర్చున్నాడు. చెవికి ఒకే పోగు, ఒడిలో చందనపు పిడి ఉన్న కత్తి. భటులకు పెద్ద, నగర తలవరి భైరవమల్లు అతను. ఎప్పుడూ గొంతు పెంచడు. బొటనవేళ్ళు కొట్టించేటప్పుడు కూడా "నొప్పిగా ఉందా నాయనా" అని అడుగుతాడట.

వీధి చివర, మసి గుట్టల పక్కన, ఆరిపోయిన కొలిమి ముందు ఒక ముసలమ్మ గోనెపట్టా పరచుకుని కూర్చుంది. దానిమీద కొడవళ్ళు, మేకులు, గొర్రుముక్కలు కుప్పగా పడి ఉన్నాయి. కమ్మరి వీధిలో సూదులమ్మినట్టు, ఆ ఊళ్ళో ఆమె సరుకు వైపు ఎవరూ చూడటం లేదు. కుప్ప అడుగున, నూనెగుడ్డలో సగం చుట్టి, నాలుగు నల్లటి ఉలులు కనబడ్డాయి. మోటు పిడులు, మెరుగు లేదు, చెక్కడం లేదు. కొలిమిలోంచి తీసినప్పటి పెచ్చు కూడా ఒలవలేదు.

"ఏం కావాలయ్యా?" అంది ముసలమ్మ, చూపు ఎత్తకుండానే.

"మా దొరగారి నాగలి మేడిలో రంధ్రం వేయాలి అవ్వా. ఏదో ఒక ఉలి. పెద్ద ధర పెట్టలేం."

"ఏదో ఒకటైతే ఆ మేకు తీసుకుపో. ఉలి కావాలంటే కూర్చుని చూడు."

సింగోజు గొంతుక్కూర్చున్నాడు. మొదటి ఉలి ఎత్తి చూశాడు. తేలిక. గుడి తలుపు మీద పువ్వులు చెక్కడానికి పనికొస్తుంది గానీ మానును చీల్చడానికి కాదు. రెండోదాన్ని తలగుడ్డ దారానికి వేలాడదీసి, కుండ కొనే ఇల్లాలిలా వేలిగోటితో కొట్టాడు. బొక్కున మోగింది. లోపలెక్కడో కంటికి కనబడని పగులుంది. మూడోది ఖంగుమంది, కానీ ముసలమ్మ ముందున్న ఆకురాయి అందుకుని దాని మెడమీద రుద్దితే ఎక్కడా పట్టకుండా జారిపోయింది. మొన నుంచి తోక దాకా ఒకే గట్టిదనం. నిన్నటి ఉలి జాతే ఇది.

"అది వద్దనుకుంటున్నావు కదూ," అంది ముసలమ్మ నెమ్మదిగా. ఈసారి తల ఎత్తి చూసింది. "ఉలికి మెత్తటి ఒళ్ళు, గట్టి పళ్ళు ఉండాలని మా ఆయన అనేవాడు. ఒళ్ళంతా గట్టిదైతే విరిగిపోద్ది. ఒళ్ళంతా మెత్తనిదైతే వంగిపోద్ది. ఆ నాలుగోది చూడు."

నాలుగోది రెండు వేళ్ళ వెడల్పు, బొటనవేలంత మందం. బరువు అరచేతిలో కుదురుగా కూర్చుంది. ఆకురాయి దాని మెడమీద కరకరా పట్టింది, మొనమీద జర్రున జారింది. పక్కకు తిప్పి చూస్తే ఇనుమును, ఉక్కును కలిపి కాల్చి అతికిన గీత జానెడు పైదాకా పాకింది. అరిగినా, సాన పట్టినా, ఒక తరం దాకా ఉక్కు మిగిలే ఉంటుంది. గోటిమీద మొన ఆనించాడు. జారకుండా నిలబడింది.

"దీని వెల ఎంత అవ్వా?"

"అది చేసిన మరునాడే మా ఆయన్ను సంకెళ్ళు కొట్టడానికి కోటలోకి పట్టుకుపోయారు. ఎవరికీ అమ్మకూడదనుకున్నా." ముసలమ్మ వాడి అరచేతుల వైపు చూసింది. ముల్లుకర్ర పట్టే చేతులకు కాయలు ఒకచోట ఉంటాయి, ఉలి పట్టే చేతులకు ఇంకోచోట ఉంటాయి. ఆమె కళ్ళు ఒకసారి చెమర్చి మళ్ళీ ఆరిపోయాయి. "ఉన్నదిచ్చి పట్టుకుపో. త్వరగా పో."

వెండి కాసు గోనెపట్టా మీద పడింది. సింగోజు గుండెల మీది భారం ఒక్క క్షణం దిగింది. ఆ ఒక్క క్షణమే వాడి కొంప ముంచింది.

దారువాటిక వడ్రంగులకు ఒక ఆచారం ఉంది. ఇంకొకడి పిడిమీద సుత్తి వేయడం ఇంకొకడి ఎంగిలి తినడంతో సమానం. ఉలి ఎవరిదగ్గరైనా కొంటారు, పిడి మాత్రం తమ చేత్తో చేసుకున్నదే తొడుగుతారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. సింగోజు ఆలోచించనే లేదు. చేతులు వాటంతటవే ఉలిని తిరగేసి, పక్కనున్న రాతికి పిడి అంచును ఒక్క దెబ్బ కొట్టి ఊడగొట్టి, ఆ పిడిని మర్యాదగా ముసలమ్మకు తిరిగిచ్చేశాయి.

"పిడి నీ దగ్గరే ఉంచు అవ్వా."

అనేశాక గానీ వాడికి తెలివి రాలేదు. పాలేరు అన్నవాడు పిడిలేని ఉలి కొని ఏం చేసుకుంటాడు? పందిరి నీడలో తాంబూలం నమలడం ఆగింది. భైరవమల్లు తీరిగ్గా లేచి, ఎర్రటి ఉమ్మి ఊసి, ఉత్తరీయం సర్దుకుని ఇటు నడిచాడు.

ముసలమ్మ చటుక్కున లేచి సింగోజు చెంప ఛెళ్ళుమనిపించింది. "దొంగ సచ్చినోడా, పిడి కూడా మోయలేని వాడివి సేద్యం ఏం చేస్తావురా? పో, మీ దొరతో చెప్పుకో, పో."

"ఆగవమ్మా," అన్నాడు భైరవమల్లు. గొంతు చిలికిన మజ్జిగలా చల్లగా ఉంది. "అబ్బాయి మంచివాడిలాగే ఉన్నాడు. ఏదీ నాయనా, కుడిచేయి ఇలా చూపించు."

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. సింగోజు ఉలిని గొంగట్లోకి దోపాడు. అప్పటికే ముసలమ్మ పక్క కొలిమి దగ్గరికి ఒక్క అంగలో చేరుకుంది. ఉక్కు ముంచే నీళ్ళతొట్టి అంచుపట్టి, ఆ ముసలి ఒంట్లో ఎక్కడ దాచుకుందో అంత బలమూ తెచ్చుకుని, మండే బొగ్గులమీదికి తొట్టిని బోర్లించింది.

బుస్సుమని తెల్లటి ఆవిరి లేచింది. వీధికి వీధి మాయమైపోయింది. ఆవిరిలో కత్తులు రాచుకున్న చప్పుడు, గుర్రాల సకిలింపు, ఎవరో తూలి మేకుల కుప్పమీద పడిన కేక. "పరిగెత్తు నాయనా" అన్న ముసలమ్మ మాట, ఆ వెంటనే ఆమె నోరు ఎవరో నొక్కేసిన సవ్వడి.

సింగోజు వెనక్కి తిరగబోయాడు. తిరిగితే అక్క పోతుంది. తిరగకపోతే ఈ అవ్వ పోతుంది. పేరైనా అడగలేదు. వాడు మసిగుట్టల మీదుగా పరుగందుకున్నాడు.

గుట్ట దిగి బొగ్గుల బండ్ల మధ్య దూరాడు. బాణం ఒకటి తలగుడ్డను ఎగరేసుకుపోయింది. కోటగోడకు ఆనుకున్న మురుగుకాలువలో గొంతుదాకా దిగి, ఇనుపచువ్వల కింద ఊపిరి బిగపట్టి ఈది, అవతల తేలేసరికి చాకలివాళ్ళ గాడిద ఒకటి గట్టున మేస్తూ కనబడింది. వీరులు ఎక్కే వాహనం కాదు గానీ, ఆ పూట దానిమీదెక్కిన వీరుడికి ఫిర్యాదేమీ లేదు. దాని చెవులు పట్టుకుని, డొక్కలో మడమలతో పొడిచి, నల్లకొండల కనుమలోకి దౌడు తీయించాడు.

దౌడులోనే మొలనుంచి తన పిడి తీశాడు. తాత చింతచేవతో చెక్కిన పిడి అది. నెత్తిమీద ఇనుప కట్టు ఉంది. ఎన్ని దెబ్బలు పడినా చీలదు. నిన్నటి మొండెంలోంచి ఊడదీసి దాచుకున్నాడు. కనుమ దాటి గాడిద చతికిలబడిన చోట ఉలి తోకను అందులో దిగ్గొట్టి, దారినున్న బండకు పిడి నెత్తిని నాలుగు దెబ్బలు కొట్టి బిగించాడు. అప్పటికి పొద్దు పడమటికి వాలింది.

ఉక్కుమాను లోయలో పిట్ట అరవదు. చీమ పాకదు. నల్లరాతి నేల నడుమ, పదిమంది చేతులు చాచి పట్టుకున్నా అందనంత మాను, ఊడలు లేకుండా, ఆకులు లేకుండా, బోసికొమ్మలతో ఆకాశాన్ని గీరుతూ నిలబడి ఉంటుంది. దాని బెరడు తుప్పు రంగు. చేయి ఆనిస్తే లోపల జ్వరమున్నట్టు వెచ్చగా తగులుతుంది. సింగోజు చెవి ఆనించాడు. చాలాసేపటికి ఒక ఊపిరి వినిపించింది. అది కూడా సన్నగా, తెగుతూ తెగుతూ వచ్చింది.

"వచ్చానక్కా," అని, నిన్న మాను మొదట్లో దాచిపోయిన కొయ్యసుత్తి ఎత్తాడు.

మొదటి దెబ్బ. రెండోది. ముందు పైనా కిందా అడ్డంగా రెండు కోతలు కోసి, వాటి మధ్య నిలువుగా చీల్చి, చెక్కపేళ్ళను ఎడమచేతి వేళ్ళతో ఊడబెరుకుతూ, కుడిచేతి సుత్తిని మాత్రం ఆగనివ్వలేదు. కొయ్య మూలిగింది. అంచులు దగ్గరికి జరగబోతే దెబ్బ పడి మళ్ళీ విడిపోయాయి. జానెడు. మూరెడు. నిన్న మొన విరిగిన చోటు దాటింది. ఉలి మొన వైపు చూశాడు. నల్లటి ఒళ్ళు అలాగే ఉంది, మొనమీద గీత కూడా పడలేదు. కోటలో సంకెళ్ళు కొడుతున్న ఆ ముసలాయనకు మనసులోనే దండం పెట్టుకున్నాడు.

ఇందులో ఒక చిక్కు ఉంది. దెబ్బ ఆగకూడదు. దెబ్బ ఆగకపోతే చప్పుడు ఆగదు. లోయలో ఆ టక్‌టక్‌లు ఈ కొండకు కొట్టుకుని ఆ కొండకు తగిలి ఆమడ దూరం పోతున్నాయి. వెతికేవాడికి దారి చూపించే పని వాడే చేస్తున్నాడు. అయినా సుత్తి దించలేదు.

రంధ్రం పడింది. అరచెయ్యి పట్టేంత అయింది. చీకటిలోంచి వేళ్ళు కదిలాయి. వెండి కడియం తళుక్కుమంది.

"సింగా," అంది నాంచారమ్మ. గొంతు ఎండిన ఆకులా గరగరలాడింది. "బిడ్డ క్షేమంగా ఉన్నాడు. నేను పోయినా..."

"మాట్లాడకక్కా. చెయ్యి లోపలికి తీసుకో, ఉలి తగులుద్ది. ఇంకొంచెం ఓపిక పట్టు."

"ఎవరో వస్తున్నారురా. నేల అదురుతోంది."

గిట్టల చప్పుడు వాడికీ వినబడింది. దగ్గరికి వచ్చింది. ఆగింది. సింగోజు తల తిప్పలేదు. టక్. టక్. చందనపు వాసన మెడవెనక సోకింది. చల్లటి కత్తి అంచు భుజంమీద ఆనింది.

"మంచి పనివాడివి," అన్నాడు భైరవమల్లు. "చూస్తుంటే ముచ్చటేస్తోంది. ఆ అవ్వ కూడా నీ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. పాపం, ఎంతో ఓపికగా అడిగాను. సుత్తి దించు నాయనా."

సింగోజు ఇంకో దెబ్బ వేశాడు. కత్తి భుజంలో దిగింది. నెత్తురు మోచేతి దాకా కారింది. ఇంకో దెబ్బ. అప్పుడు నలుగురు భటులు వెనకనుంచి ఒక్కుమ్మడిగా మీదపడ్డారు. ఒకడు సుత్తి లాక్కున్నాడు. ఒకడు జుట్టు పట్టి వెనక్కి వంచాడు. సింగోజు కాళ్ళతో తన్నాడు, పళ్ళతో కరిచాడు, గింజుకున్నాడు. ఉలి గాడిలో అలాగే నిలబడిపోయింది.

లోయ నిశ్శబ్దమైంది.

పొద్దు పడమటి కొండమీద సగం దిగింది. కొయ్య కదిలింది. గాడి అంచులు మెల్లగా, నిద్రమత్తులో కళ్ళు మూసుకున్నట్టు, దగ్గరికి జరగసాగాయి. అరచెయ్యి పట్టే రంధ్రం పిడికెడయింది. పిడికెడు రంధ్రం రెండు వేళ్ళంత అయింది.

"అక్కా," అన్నాడు సింగోజు. కంట నీరు ధారగా కారుతోంది. "నేను ఓడిపోయానక్కా."

భైరవమల్లు వాడి కుడిచేతిని రాతిమీద పరిచి, బొటనవేలు విడదీసి, కత్తి అంచు దానిమీద ఆనించాడు. "ఏడవకు. ఇంక అంతా అయిపోయింది."

టక్.

కత్తి ఆగింది. భటులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సుత్తి ఎవరి చేతిలో ఉందో వాడు దాన్ని తడుముకున్నాడు.

టక్. టక్.

గాడి అంచులు కదలడం మానేశాయి. చప్పుడు మానులోపల నుంచి వస్తోంది. నిన్న విరిగి లోపల పడిన నెమలి ఉలి మొన సింగోజు కళ్ళముందు మెదిలింది. దానివెంటే, ఆ మొనను కొయ్యకు ఆనించి అక్క తన వెండి కడియంతో మోదుతున్నట్టు ఊహకు తోచింది.

"లోపల కొడుతున్నది ఎవరు?" అన్నాడు భైరవమల్లు. ఎన్నడూ పెరగని గొంతు మొదటిసారి పెరిగింది.

"మా అక్క," అన్నాడు సింగోజు, నెత్తుటి పెదాలతో. "తనూ వడ్రంగి బిడ్డే. ఆ చేతి బొటనవేలు కొట్టించాలని మీ దొరకు తోచలేదు."

లోపలి నుంచి మరో దెబ్బ పడింది. ఒక చెక్కపేడు ఎగిరివచ్చి భైరవమల్లు పాదాల దగ్గర పడింది.